నీడ గట్టుకు పచ్చని కప్పు
(ముమ్మిడివరం ప్రాంత రైతులకు చేసిన ప్రసంగ పాఠము)



కొబ్బరి తోటను గురించి మాటాడునపుడు మన చూపు సాధారణముగా చెట్టు తలపై నుండును. గెలకు ఎన్ని కాయలు నిలిచినవి, పిందె ఎందుకు రాలుచున్నది, మొవ్వును ఏ పురుగు తొలిచినది అని ఆలోచింతుము. ఇవి ముఖ్యమైన సంగతులే. నేడు మాత్రము మీ దృష్టిని చెట్టు కాలివైపునకు త్రిప్పదలచితిని. చెట్టు నిలిచియున్న గట్టు ఏటేటా కరగిపోవుచున్నది. దానిని ఏ మొక్కలతో కప్పి కాపాడుకొనవచ్చునో తెలుపుటే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

మన సీమలో వాలు ఎక్కడిది?

కోనసీమలో కొండ లేదు, గుట్ట లేదు. అట్టి చోట వాలు నేలను గురించి చెప్పుట ఏమని మీరు అడుగవచ్చును. మన వాలులన్నియు మనము చేతులతో పోసినవే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తియైన తర్వాత మధ్య డెల్టాకు కాలువల నీరు వచ్చినది. కాలువ త్రవ్విన మట్టి ఒక గట్టు అయినది. మురుగు కాలువ త్రవ్విన మట్టి మరొక గట్టు. తోటలో బోదె తీసిన మట్టి, చేపల చెరువు త్రవ్విన మట్టి, ఇంటి వెనుక గుంట త్రవ్విన మట్టి, అన్నియు గట్లే. గట్టు కనబడినచోట కొబ్బరి మొక్క నాటుట మనకు పూర్వులనుండి వచ్చిన అలవాటు. ముమ్మిడివరం నుండి అనాతవరం వైపు వెళ్ళినను, అయినాపురం వైపు వెళ్ళినను, దారి పొడవునా కనబడు దృశ్యము ఇదే: పైన దట్టమైన కొబ్బరి నీడ, క్రింద ఏటవాలుగా బోసిపోయిన మట్టి.

ఆ బోసి మట్టి ఎక్కడకు పోవుచున్నది? క్రిందనున్న బోదెలోనికి, మురుగు కాలువలోనికి పోవుచున్నది. దీనివలన రెండు నష్టములు. మొదటిది చెట్టుకు. గట్టు అంచుననున్న చెట్టు వేళ్ళు ఒక ప్రక్క గాలిలో వ్రేలాడుచుండగా, పట్టు అంతయు రెండవ ప్రక్కనే ఉండును. 1996 నవంబరు 6వ తేదీ తుపాను మన తోటలను ఏమి చేసినదో పెద్దలకు చెప్పనక్కరలేదు. అటువంటి గాలికి సగము పట్టుతోనున్న చెట్టు ఎట్లు నిలుచును? రెండవ నష్టము వరి చేనికి. పూడిన మురుగు కాలువ వాన నీటిని లాగదు, చేను మునుగును. 2011లోను, 2022లోను కోనసీమ రైతులు పంట విరామమును గురించి మాటాడినపుడు, వారు చెప్పిన కష్టములలో మురుగు కాలువల పూడిక కూడ ఉన్నది. ఆ పూడికలో గుర్రపుడెక్క పాలు ఉన్నది, ప్రభుత్వము తీయవలసిన మట్టి పాలు ఉన్నది. మన గట్టునుండి జారిన మట్టి పాలు కూడ ఉన్నది. ఈ చివరిది మన చేతిలోని పని.

నీడలో కరవు ఎందుకు?

ఏడాదికి 1,100 మిల్లీమీటర్లకు పైగా వాన పడు సీమలో, అందులోను చెట్ల నీడలో, నేల ఎండుట వింతగా తోచవచ్చును. కారణములు తెలిసికొన్నగాని తగిన మొక్కను ఎన్నుకొనలేము.

మొదటిది, చిన్న జల్లు పడినపుడు నీటిలో కొంత భాగము కొబ్బరి ఆకులమీదనే ఆగి ఆరిపోవును. కొంత మ్రానువెంట జారి మొదట చేరును. గట్టు వాలుకు అందునది తక్కువ.

రెండవది, కొబ్బరికి తల్లివేరు లేదు. మొదటినుండి వేలకొలది పీచువేళ్ళు నలువైపుల వ్యాపించును. వానిలో అధిక భాగము చెట్టుకు రెండు మీటర్ల లోపుననే, పైనున్న మూడు నాలుగడుగుల మట్టిలోనే ఉండును. గట్టుమీది తేమను మొదట త్రాగునవి అవే.

మూడవది, వాలుపై పడిన నీరు ఇంకుటకు వ్యవధి లేక జారిపోవును.

నాలుగవది, గట్టు పోసినపుడు గోతి అడుగు మట్టి పైకి వచ్చినది. అది చాలచోట్ల ఇసుక. దానిలో ఆకు కుళ్ళిన సారము లేదు. అట్టి ఇసుక వేసవిలో బాగుగా ఎండినచో తొలి చినుకులను ఇముడ్చుకొనదు. నీరు పూసలవలె దొరలిపోవుట మీరు చూచియే యుందురు.

చెట్ల క్రింద వాన మెత్తగా పడునని మనము అనుకొందుము. ఇది నిజము కాదు. చిన్న చినుకులు ఆకు చివర కూడుకొని పెద్ద బొట్టుగా మారును. ఏబది అడుగుల ఎత్తునుండి పడు ఆ బొట్టు ఆకాశమునుండి నేరుగా పడు చినుకు కంటె బలముగా నేలను కొట్టును. కావున ఎత్తయిన చెట్టు క్రింద బోసి నేల ఉన్నచో, అది బయలు నేలకంటె ఎక్కువగా కోసుకొనిపోవచ్చును. నేలను కాపాడునది ఎత్తుననున్న ఆకు కాదు, నేలకు జానెడు ఎత్తులోనున్న ఆకు. ఈ ఒక్క మాట మీరు జ్ఞాపకముంచుకొన్నచో నేటి ప్రసంగములో సగము గుర్తున్నట్లే.

గట్టుకు పెద్ద శత్రువు ఎవరు?

వాన కాదు, మన పార. ఏటేటా గట్టు చెక్కుట మనకు ఆచారము. కలుపు పోవును, గట్టు శుభ్రముగా కనబడును, ఎలుక బొరియలు బయటపడును. వరి గట్టుకు ఈ పనిలో ప్రయోజనము లేకపోలేదు. ఎత్తయిన కొబ్బరి గట్టును కూడ అదే విధముగా చెక్కుట నష్టము. పార గడ్డితోపాటు వ్రేలు మందము మట్టిని తీయును. ఆ మట్టి తిరిగి రాదు. పది ఏండ్లు చెక్కిన గట్టు ఎంత సన్నబడునో లెక్క మీరే వేసికొనుడు. పైగా పార తగిలిన కొబ్బరి వేళ్ళ గాయములనుండి గానోడెర్మా తెగులు ప్రవేశించుటకు వీలు కలుగును. ఇసుక నేలలలో ఈ తెగులు మన జిల్లాకు కొత్త కాదు. తెగులున్న తోటలో వేళ్ళకు దెబ్బ తగులనీయరాదని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు.

కావున చెక్కుట మానవలెను. చెక్కుట మానినచో పిచ్చి మొక్కలు పెరుగును. పిచ్చి మొక్కల చోటును మంచి మొక్కతో నింపవలెను. నేలను కప్పు మొక్కల అవసరము ఇచ్చట వచ్చినది.

ముందు గట్టును పరీక్షింపుడు

మొక్కను ఎన్నుకొనుటకు ముందు మీ గట్టును మూడు విధముల పరీక్షింపవలెను.

నీడ పరీక్ష: మబ్బు లేని రోజున మిట్టమధ్యాహ్నము ఒక తెల్ల పంచెను వాలుపై పరువుడు. దానిమీద పదిపాళ్ళలో ఎన్ని పాళ్ళు ఎండ పడుచున్నదో చూడుడు. సగమునకు మించి ఎండ ఉన్నచో పలుచని నీడ. సగమునకు తక్కువై, రెండున్నర పాళ్ళకు ఎక్కువైనచో మధ్యమ నీడ. అంతకు తక్కువైనచో దట్టమైన నీడ. సాధారణముగా 25 అడుగుల దూరమున నాటిన కొబ్బరి తోటలో మొదటి ఏడెనిమిది ఏండ్లు వెలుతురు బాగుగా ఉండును. ఆ తర్వాత సుమారు ఇరువదియైదవ ఏటివరకు నీడ దట్టముగా ఉండును. చెట్టు పొడవు పెరిగిన తర్వాత మరల వెలుతురు క్రిందికి దిగును. గట్టుమీద దగ్గర దగ్గరగా నాటినచోట, ప్రక్కన మామిడి, పనస ఉన్నచోట ఈ లెక్క మారును. అందువలన పంచె పరీక్ష మేలు.

తేమ పరీక్ష: ఫిబ్రవరి నెలలో వాలు మధ్యన జానెడు లోతు మట్టిని పిడికిట పట్టి నొక్కుడు. ముద్ద నిలిచినచో తేమ ఉన్నట్లు. రాలిపోయినచో అది ఎండు గట్టు. గట్టు పైభాగము, నడుమ, పాదము వేరువేరుగా చూడవలెను. పాదమునందు బోదె తేమ ఉండును, పైభాగము ఎండును. పడమటి వాలు సాయంత్రపు ఎండకు మరింత ఎండును. ఏప్రిల్‌లో కాలువలు కట్టివేసిన తర్వాత పాదము కూడ ఎండును, కనుక కాలువ నిండుగా ఉన్ననాటి తేమను చూచి మోసపోరాదు.

ఉప్పు పరీక్ష: ఐ.పోలవరం, కాట్రేనికోన వైపున పాటు పోట్లు తగులు మురుగు కాలువల ప్రక్కన గట్టుమట్టిలో ఉప్పు ఉండవచ్చును. వేసవిలో మట్టిపై తెల్లని పొర కనబడినచో అనుమానింపవలెను. కృషి విజ్ఞాన కేంద్రము ద్వారా గాని, వ్యవసాయ శాఖ ద్వారా గాని మట్టిని పరీక్ష చేయించి ఆ తర్వాతనే విత్తనమునకు డబ్బు పెట్టవలెను.

ఎట్టి మొక్క కావలెను?

నీడ గట్టుకు తగిన మొక్కకు అయిదు గుణములుండవలెను. నీడను ఓర్వవలెను. వేసవిని దాటవలెను, లేదా ఎండిపోయినను తన గింజతో తొలకరికి తిరిగి మొలవవలెను. నేలకు దగ్గరగా ప్రాకుచు కణుపు కణుపుకు వేరూని మట్టిని పట్టవలెను. చెట్టు నెక్కి గొంతు పట్టరాదు, ప్రక్క చేనిలోనికి చొరబడరాదు. ఇక అయిదవది అన్నిటికంటె ముఖ్యము: దానివలన ఫలము పొందుటకు మట్టి త్రవ్వవలసిన అవసరము ఉండరాదు.

ఈ అయిదవ గుణమును మనము తరచు మరచుచున్నాము. కంద, పసుపు, చేమ, పెండలము కొబ్బరి నీడలో పండునవే, కోనసీమ వాటికి పేరు పొందినదే. సమతలమైన తోటలో వాటిని తప్పక వేయుడు. వాలుమీద మాత్రము వేయవద్దు. దుంప త్రవ్వినపుడు గట్టు గుల్లయగును. వెనుక వచ్చు వానకు ఆ మట్టి బోదెలో ఉండును. దుంప అమ్మగా వచ్చిన డబ్బు గట్టు పోయుటకే పోవును.

తగిన మొక్కలు

పిల్లిపెసర: గోదావరి రైతుకు దీనిని పరిచయము చేయనక్కరలేదు. పశువుల మేతకు, పచ్చిరొట్టకు మాగాణిలో చల్లునదే. పలుచని నీడలో, తక్కువ తేమలో ఎదుగును. గట్టుకు ఇది తొలి మెట్టు వంటిది. శాశ్వతమైన కప్పు కాదుగాని, మొదటి సంవత్సరము నేలను కప్పి, వేళ్ళ బుడిపెల ద్వారా నత్రజనిని చేర్చి, వెనుక వచ్చు మొక్కకు చోటు సిద్ధము చేయును. విత్తనము సులభముగా దొరకును, ఖర్చు తక్కువ.

సెంట్రోసీమా: ఇది బహువార్షికమైన చిక్కుడు జాతి తీగ. ఆకు మూడు రెమ్మలు. పూవు మన శంఖుపుష్పమును పోలి లేత ఊదారంగులో ఉండును. మలయా రబ్బరు తోటలలో, మన తెలుగువారు కూలికి వెళ్ళి పనిచేసిన ఆ తోటలలో, కలపొగోనియం, ప్యూరేరియా, సెంట్రోసీమా మూడింటిని కలిపి చల్లి నేలను కప్పుట చిరకాలముగా ఉన్న పద్ధతి. ఈ మూడింటిలో కలపొగోనియం త్వరగా కప్పునుగాని వేసవికి ఎండిపోయి, గింజనుండి మరల మొలచును. ప్యూరేరియా మిక్కిలి దట్టముగా అల్లునుగాని తేమ కోరును. సెంట్రోసీమా నిదానముగా పెరిగినను, వేరు లోతుగా పోవుటచే ఎండను బాగుగా ఓర్చును, మధ్యమ నీడలోను నిలుచును. కాబట్టి మన ఎండు గట్టుకు మూడింటిలో ఇదియే మేలు. త్వరగా కప్పవలెనన్నచో దీనితో కొంచెము కలపొగోనియం కలుపవచ్చును.

పింటో వేరుశనగ: కాయకొరకు కాదు, ఆకుకొరకు పెంచు వేరుశనగ జాతి. పసుపు పూలతో చాపవలె పరచుకొనును. అందమునకు పెంచువారు దీనిని నర్సరీలనుండి కొనుచున్నారు. కడియం వైపు నర్సరీలలో అడిగి చూడవచ్చును. నీడను మిక్కిలి బాగుగా ఓర్చును. చెట్లెక్కదు. కాని కొంత తేమ కోరును. వేసవిలో ఆకు రాల్చినను వేరు బ్రతికియుండి తొలకరికి చిగురించును. గట్టు పాదమునకు, నడుమకు తగును. పూర్తిగా ఎండు పైభాగమునకు తగదు.

అనాస: కేరళలో కొబ్బరి, రబ్బరు తోటల నడుమ విరివిగా పెంచుచున్నారు. దళసరి ఆకులో నీరు నిలువచేసికొని, రాత్రివేళ గాలి పీల్చుకొను స్వభావము దీనికి కలదు. అందుచే ఎండను తట్టుకొనును. మధ్యమ నీడలో కాపు కొంత తగ్గినను మొక్క చక్కగా ఉండును. వాలుకు అడ్డముగా జంట వరుసలలో నాటినచో ప్రతి వరుస ఒక చిన్న కంచె వలె మట్టిని ఆపును. ముండ్ల రకమైనచో మేకలు దరిచేరవు. కాయ కోసికొనుటకు నేల త్రవ్వనక్కరలేదు.

చాగ: దీనినే చాగనార అనియు అందురు. కత్తివలె నిలువుగా నిలుచు దళసరి ఆకులపై పొడ ఉండును. పూర్వము దీని నారతో త్రాళ్ళు చేసెడివారు. దట్టమైన నీడ, పూర్తి ఎండుదనము రెండును ఒకేచోట ఉన్నపుడు దీనికి సాటి మొక్క అరుదు. దుంప వేరు ప్రక్కలకు ప్రాకి మట్టిని పట్టును. పశువులు ముట్టవు. పెరుగుట నెమ్మది, కావున దగ్గరగా నాటవలెను.

అడ్డసరము: మందు మొక్కగా మీకు తెలిసినదే. కొమ్మ గ్రుచ్చినను బ్రతుకును. మేకలు తినవు. దట్టమైన నీడలో గట్టు పై అంచున వరుసగా నాటి, నడుము ఎత్తున కత్తిరించుచు ఆ రొట్టను చెట్ల పాదులలో వేయవచ్చును.

గినీ గడ్డి: పశువులున్నవారికి ఇది లాభము. ఇతర మేత గడ్డి జాతులకంటె నీడను బాగుగా ఓర్చును. వాలుకు అడ్డముగా దుబ్బులు నాటి, కోసికొనవచ్చును. కోసినపుడు నాలుగు వ్రేళ్ళ మోడు విడువవలెను. వేసవిలో నీరు పెట్టలేనివారు దీనిని గట్టు పాదముననే వేయుట మంచిది.

వట్టివేరు: దీనిని గురించి మీరు చాల విని యుందురు. 1950ల దశకములో ఫిజీ దీవులలో వాలు నేలలలోని చెరకు తోటలకు అడ్డుకట్టగా దీనిని వాడిరి. మన తెలుగువారు చాలమంది కూలికి వెళ్ళిన ఫిజీయే అది. 1980ల దశకములో ప్రపంచ బ్యాంకు నిపుణులు మన దేశములో దీనిని ప్రచారము చేయుచుండగా, కర్ణాటకలో గుండ్లుపేట వైపు రైతులు అప్పటికే తరతరములుగా పొలము హద్దులలో దీనిని నాటుచుండుట చూచిరి. దీని వేరు నిటారుగా చాల లోతునకు దిగును. మట్టిని పట్టుటలో దీనిని మించినది లేదు. కాని ఇది ఎండను కోరు మొక్క. పలుచని నీడవరకే దీనిని నాటవలెను. దట్టమైన నీడలో దుబ్బు పలుచబడి నశించును. ఇంకొక హెచ్చరిక: వేరుకొరకు త్రవ్వినచో గట్టు పోవును. గట్టుమీది వట్టివేరు గట్టు సొత్తు, దానిని త్రవ్వరాదు.

గరిక, స్టైలో, సముద్రతీరమున ఇసుకపై ప్రాకు బాలబంది తీగ మంచివేగాని, అవి ఎండ గట్టుకు చెందినవి. నీడలో వానిపై ఆశ పెట్టుకొనరాదు.

తగని మొక్కలు

పసుపు పూల వెడేలియా రోడ్ల ప్రక్కన, ఇండ్ల ముందు ముచ్చటగా కనబడుచున్నది. ముక్క పడినచోటనెల్ల వేరూనును. కాలువ నీటిలో కొట్టుకొనిపోయి ఎక్కడనో మొలచును. ప్రపంచములో మిక్కిలి హానికరములైన నూరు చొరబాటు జీవులను ఎంచి తయారుచేసిన పట్టికలో దీని పేరు ఉన్నది. అదే పట్టికలో మైకేనియా తీగ, లంటానా కూడ ఉన్నవి. ఇవి నేలను కప్పుట నిజమే, కాని తర్వాత వానిని వదలించుకొనుట మీ వశము కాదు. ఎవరు ఉచితముగా ఇచ్చినను తీసికొనవద్దు.

ఏటిగట్టు సంగతి వేరు

ఇంతవరకు చెప్పినది మీ సొంత గట్లను గురించి. గోదావరి ఏటిగట్టును గురించి వేరుగా చెప్పవలెను. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కులకు పైగా వరద ప్రవహించినది. 2006 ఆగస్టులోను, 2022 జూలైలోను పెద్ద వరదలే వచ్చినవి. ఆ దినములలో మన ప్రాణములు, పశువులు, ఇండ్లు ఏటిగట్టును నమ్ముకొని యుండెను. అట్టి గట్టుపై చెట్లు నాటరాదు, పార వేయరాదు, డొక్కలు పాతరాదు. చెట్టు చచ్చి వేరు కుళ్ళినచో ఆ వేరు దారి గొట్టమువలె మిగులును. వరదనాడు ఆ గొట్టముగుండ నీరు చొచ్చి బుంగ పడును. బుంగ పెద్దదై గండి యగును. దట్టమైన తీగ పరచినను ముప్పే, ఏలయన తీగ క్రింద ఎలుక బొరియలు, బుంగలు కనబడవు. వరదకాపలావారికి గట్టు ముఖము స్పష్టముగా కనబడవలెను. ఏటిగట్టుకు పొట్టి గడ్డియే తగిన కప్పు. అది కూడ జలవనరుల శాఖ అనుమతితో, వారి పద్ధతి ప్రకారమే జరుగవలెను. ప్రభుత్వ కాలువ గట్లకును ఈ అనుమతి అవసరమే.

నాటు పద్ధతి

మొదట వాలును సరిచేయవలెను. ఒక అడుగు ఎత్తుకు రెండడుగుల పరపు ఉన్నచో మొక్క నిలుచును. నిటారుగా నరికిన గట్టుమీద ఏ మొక్కయు నిలువదు. తర్వాత గట్టు పైఅంచున చిన్న కట్ట వేసి, పైనీరు వాలుపైకి దూకకుండ ఒక ప్రక్కకు మళ్ళింపుడు.

రెండవ పని డొక్కలు. మన తోటలలో కొబ్బరి డొక్కలకు కొదువలేదు. వాలుకు అడ్డముగా మూడేసి అడుగుల ఎడముతో చాలు తీసి, పెద్ద వేళ్ళకు దెబ్బ తగులకుండ, డొక్కలను బోలు పైకి ఉండునట్లు ఒకే వరుసగా సగము పాతుడు. డొక్కలోని పీచు, పొట్టు తమ బరువుకు కొన్ని రెట్లు నీటిని పీల్చి నిలుపును. కొన్ని సంవత్సరములు చివుకకుండ ఉండును. జారు మట్టిని ఆపును. డొక్కలను కుప్పగా మాత్రము పోయరాదు. కుళ్ళిన కుప్పలలో కొమ్ము పురుగు పెరుగును. డొక్కల వరుసల నడుమ ఎండిన ఆకును, కాలువనుండి తీసి గట్టున బాగుగా ఎండబెట్టిన గుర్రపుడెక్కను పలుచగా పరువవచ్చును.

మూడవ పని నాటుట. తొలకరి పడి మట్టి జానెడు లోతు తడిసిన తర్వాత, అనగా జూన్ చివరి వారము నుండి జూలై లోపల ముగింపవలెను. ఆలస్యము చేసినచో అక్టోబరు, నవంబరు తుపాను వానలనాటికి మొక్క మట్టిని పట్టదు. సెంట్రోసీమా గింజకు పొట్టు గట్టి. రెండు పాళ్ళు మరగిన నీటికి ఒక పాలు చన్నీరు కలిపి, దానిలో గింజలు వేసి, ఆ నీటిలోనే రాత్రంతయు నాననిచ్చి, ఉబ్బిన గింజలను మరునాడు నాటవలెను. చల్లిన గింజ వాలుపై నిలువదు. డొక్కల వరుసకు ఎగువన రెండేసి అడుగులకు ఒక గుంట చేసి, గుంటకు మూడు నాలుగు గింజలు వేసి, వ్రేలి మందము మట్టి కప్పుడు. పింటో వేరుశనగ తీగముక్కలను జానెడు ఎడముతో, చాగ దుంపలను, అనాస పిలకలను అడుగు ఎడముతో, వట్టివేరు పిలకలను నాలుగు నుండి ఆరంగుళముల ఎడముతో నాటుడు. ఒక వరుసలోని మొక్క క్రింది వరుసలోని రెండు మొక్కల నడుమకు రావలెను. అప్పుడు జారు నీటికి తిన్నని దారి దొరకదు.

నాలుగవ పని సంరక్షణ. మొదటి మూడు నెలలు కలుపును చేతితోగాని కొడవలితోగాని కోయవలెను. పార ముట్టరాదు. మొదటి వేసవిలో వారమునకొకసారి బిందెతోనైనను నీరు పోసినచో మొక్క బ్రతుకును. రెండవ వేసవి నాటికి ఆ అవసరము చాలవరకు తగ్గును.

మీ సందేహములు

"ఈ మొక్కలు కొబ్బరికి రావలసిన నీటిని త్రాగవా?" అనునది న్యాయమైన ప్రశ్న. వేసవిలో పచ్చగానున్న తీగ నేలలోని తేమను తప్పక తీసికొనును. అందుచే సెంట్రోసీమా వంటి తీగలను జనవరి చివర నాలుగు వ్రేళ్ళ ఎత్తుకు కోసి, ఆ రొట్టను అక్కడనే పరచివేయవలెను. అప్పుడు అది నీరు త్రాగుట తగ్గించి, ఎండనుండి నేలను కప్పును. తొలకరికి మరల చిగురించును. నీటి ఇబ్బంది ఎక్కువగా ఉన్నచోట చాగ, అనాస మేలు. అవి త్రాగునది తక్కువ.

"పాములు చేరవా?" చేరవచ్చును. రైతు ప్రాణముకంటె గట్టు ఎక్కువ కాదు. అందుచే ప్రతి చెట్టు చుట్టు నాలుగైదడుగుల మేర కప్పు లేకుండ ఎండుటాకు మాత్రమే ఉంచవలెను. గట్టు మీది నడకదారిని శుభ్రముగా ఉంచవలెను. తీగను మోకాలు దాటనీయరాదు. దింపువారు వచ్చు రెండు మూడు దినములముందు దారి కోసి ఉంచినచో వారికి కాలు పెట్టుటకు భయముండదు, పడిన కాయయు కనబడును. తీగ చెట్టు మొదటికి ప్రాకినచో వెంటనే త్రెంపవలెను. లేతమొక్కల తోటలో ఈ జాగ్రత్త మరింత అవసరము.

"ఎలుకలు?" వరి చేనివైపు ముఖమును పొట్టిగా కోసి ఉంచవలెను. బోదెవైపు ముఖమునే దట్టముగా కప్పవలెను. గట్టు రెండు ముఖములకు ఒకే మొక్క వేయనక్కరలేదు.

"నేను కౌలుదారుడను, గట్టు నాది కాదు, నాకేమి లాభము?" ఈ మాట పలువురి మనసులో ఉన్నది. గట్టు బాగుపడినచో మేలు భూమి యజమానిది, శ్రమ కౌలుదారునిది. కాబట్టి కౌలు మాట్లాడుకొనునపుడే, గట్టుమీది అనాస కాయ, గినీ మేత కౌలుదారునికి చెందునని, విత్తనము ఖర్చు యజమానిదని తేల్చుకొనుట ఉభయులకు మంచిది. ఉమ్మడి గట్టు విషయములో ఇరుగు పొరుగు రైతులు కూడ ఇట్లే ముందు మాట అనుకొనవలెను. పచ్చని వరుస ఒకటి గట్టు నడుమ నిలిచినచో, ఏటేటా పారతో హద్దు జరుగుట, దానివెంట వచ్చు తగాదా కూడ ఆగును.

కొద్దిగా మొదలు పెట్టుడు

నా మాట నమ్మి గట్టంతయు ఒక్కసారిగా నాటుమని చెప్పను. ఈ తొలకరికి ఇరువది గజముల గట్టును ఎన్నుకొనుడు. దానిలో పది గజములు పైన చెప్పిన విధముగా కప్పుడు. మిగిలిన పది గజములు ఎప్పటివలె విడువుడు. రెండు భాగములలోను వాలు నడుమ ఒక్కొక్క ఇనుప చువ్వను గట్టిగా దింపి, మట్టి మట్టమునకు సరిగా రంగుతో గీత పెట్టుడు. వచ్చు సంక్రాంతికి ఆ గీత మట్టికి ఎంత ఎత్తున ఉన్నదో రెండుచోట్ల కొలువుడు. ఎంత మట్టి పోయినదో, ఎంత నిలిచినదో ఆ చువ్వలే చెప్పును. ఆ కొలతను కాగితముపై వ్రాసి ఉంచి, మరుసటి తొలకరికి ఏ మొక్కను ఎంత మేర పెంచవలెనో నిర్ణయించుకొనుడు.

ఒక గంప మట్టిని బోదెనుండి ఎత్తి గట్టుపై పోయుటకు నేడు ఎంత కూలి అగుచున్నదో మీకు తెలుసును. ఆ గంప జారకముందే ఆపుటకు కావలసినవి ఇంటి వెనుకనున్న డొక్కలు, దోసెడు గింజలు, పారను ప్రక్కన పెట్టు ఓర్పు. ఈ జూన్‌లోనే మొదలుపెట్టుడని మిమ్ములను కోరుచు ముగించుచున్నాను.